కథ చెప్పేస్తున్న జవాబు: ఇంగ్లిష్ లిటరేచర్‌లో ఒక విద్యార్థిని కేస్ స్టడీ

ఈ కేసులోని విద్యార్థినికి పదిహేనేళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్ మీడియం. ఎవరో గుర్తు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాం. జవాబుల్లోని లోపాలు మాత్రం ఈ వయసు పిల్లల పేపర్లలో రోజూ కనబడేవే. తల్లిదండ్రులు అడిగింది ఒక్కటే: "అమ్మాయి ఇంగ్లిష్‌లో వీక్. గ్రామర్, వొకాబ్యులరీ గట్టిగా చెప్పండి."

పేపర్లు తెప్పించి చూస్తే అలా లేదు. గ్రామర్ సెక్షన్‌లో మార్కులు పెద్దగా పోలేదు. ప్యాసేజీ చదివి రాసే జవాబులు బాగున్నాయి. లెటర్, రిపోర్ట్ ఫర్వాలేదు. మార్కులు కారిపోతున్నది లిటరేచర్ పెద్ద ప్రశ్న దగ్గరే. అక్కడ టీచర్ మార్జిన్‌లో ఒకసారి "టూ మచ్ నేరేషన్" అనీ, మరోసారి "ఎక్స్‌ప్లెయిన్ మోర్" అనీ రాశారు. రెండో మాట చూసిన ప్రతిసారీ ఆ అమ్మాయి తర్వాతి పేపర్‌లో కథను ఇంకాస్త పొడిగించింది. టీచర్ ఉద్దేశం ఒకటి, పిల్ల తీసుకున్న అర్థం ఇంకొకటి. ఇలాంటి పొట్టి కామెంట్ల వల్ల కష్టపడే పిల్లలే ఎక్కువ నష్టపోతారు. చెప్పింది చేశామనుకుంటూ తప్పు దారిలోనే ఇంకా ముందుకు పోతారు.

కేసుకు తీసుకున్న జవాబు ఇంగ్లిష్ కవి షెల్లీ కవిత "ఒజిమాండియస్" మీద. 1818లో అచ్చయిన 14 పాదాల సానెట్ అది. ఎడారిలో విరిగి పడి ఉన్న ఒజిమాండియస్ అనే రాజు విగ్రహం గురించి ఒక బాటసారి చెప్పిన మాటలు అందులో ఉంటాయి. చాలా సిలబస్‌లలో ఉంటుంది. ప్రశ్న: "హౌ డజ్ ద పోయెట్ ప్రెజెంట్ పవర్ ఇన్ దిస్ పోయెమ్?" ఆమె రాసిన మొదటి పేరా ఇది:

"ద ట్రావెలర్ సా ఎ స్టాచ్యూ ఇన్ ద డెజర్ట్. ద స్టాచ్యూ ఈజ్ బ్రోకెన్. ద కింగ్ వజ్ వెరీ ప్రౌడ్. హీ సేస్, 'లుక్ ఆన్ మై వర్క్స్, యీ మైటీ, అండ్ డిస్పెయిర్!' దిస్ షోస్ దట్ ద కింగ్ ఈజ్ పవర్‌ఫుల్. బట్ నౌ దేర్ ఈజ్ ఓన్లీ శాండ్. సో ద పవర్ ఈజ్ టెంపరరీ. ద పోయెట్ యూజెస్ అలిటరేషన్ అండ్ ఇమేజరీ టు మేక్ ద పోయెమ్ ఇంట్రెస్టింగ్."

ఎర్ర పెన్ను పట్టుకున్నవారి చూపు ముందు టెన్స్‌ల మీదకు పోతుంది: సా, ఈజ్, వజ్, సేస్. ఆ తర్వాత "ద పవర్" మీదకు. అవన్నీ దిద్దేసి ఇచ్చినా ఈ పేరాకు ఒక్క మార్కు కూడా పెరగదు. అసలు లోపాలు వేరు. ఎనిమిది వాక్యాల్లో "పోయెట్" అన్న మాట వచ్చింది చివరి వాక్యంలోనే. మిగతా ఏడూ బాటసారి, విగ్రహం, రాజు, ఇసుక చుట్టూనే తిరుగుతాయి. "హౌ" అని అడిగితే "వాట్ హ్యాపెన్డ్" అన్నదానికి జవాబు వచ్చింది. ఇంకోటి, ఆ రాజు మాట అతని అధికారాన్ని చూపడం లేదు. తన అధికారం గురించి అతను చెప్పుకుంటున్న గొప్పను చూపుతోంది. కవిత అంతా ఆ రెంటి మధ్య తేడా మీదే నడుస్తుంది. అలిటరేషన్ (ఒకే శబ్దంతో మాటలు మొదలవడం), ఇమేజరీ (పదచిత్రాలు) అన్న చివరి వాక్యమైతే ప్రపంచంలో ఏ కవిత కిందైనా అతికించవచ్చు.

ఎక్కడ తెగింది?

ఇలాంటి జవాబు మూడు కారణాల్లో దేనివల్లయినా రావచ్చు. పాఠం సరిగా అర్థం కాకపోవచ్చు. అర్థమయినా, ప్రశ్న ఏమడుగుతోందో తెలియకపోవచ్చు. రెండూ తెలిసినా ఇంగ్లిష్ వాక్యం కుదరకపోవచ్చు. మూడింటికీ మూడు రకాల వైద్యం. కారణం తేల్చకుండా మొదలుపెడితే నెలల తరబడి చెప్పినా పేపర్ మారదు.

తేల్చడానికి బాగా పనికొచ్చే పరీక్ష చాలా తేలిక: అదే ప్రశ్నను తెలుగులో అడగాలి. పుస్తకం మూసి, రెండు నిమిషాలు, నోటితో. "ఈ కవితలో అధికారాన్ని కవి ఎలా చూపించాడు? కథ చెప్పొద్దు, కవి ఏం చేశాడో చెప్పు." తెలుగులో పిల్ల "రాజు గొప్పలు చెప్పుకోగానే, పక్క పాదంలోనే ఏమీ మిగల్లేదని అంటాడు కదా" అన్నదంటే ఆలోచన ఉన్నట్టే; కావలసింది ఇంగ్లిష్ వాక్య నిర్మాణం. ఈ అమ్మాయి తెలుగులో కూడా కథే చెప్పింది, అదీ చాలా చక్కగా, తడుముకోకుండా. అంటే తల్లిదండ్రులు అడిగిన వొకాబ్యులరీ క్లాసులు ఈ లోపాన్ని తాకవు.

రెండో పరీక్షకు నోట్సు, గైడు పక్కన పెట్టించి, కవిత మాత్రమే ముందుంచి, పాదం పాదానికీ పెన్సిల్ మొన ఆనించి "ఇక్కడ ఎవరు ఏం చేస్తున్నారు?" అని అడగాలి. "ట్రంక్‌లెస్ లెగ్స్" దగ్గర చాలామంది పిల్లల్లాగే ఆమె కూడా తొండం అనుకుంది. ఇక్కడ ట్రంక్ అంటే మొండెం. ఇసుకలో రెండు కాళ్లు నిలబడి ఉన్నాయి, పైన మొండెం లేదు. అది చెప్పాక అయిదో పాదం దాకా నడిచింది. ఆరు, ఏడు, ఎనిమిది పాదాల దగ్గర ఆగిపోయి, "శిల్పి బాగా చెక్కాడు" అంది. వెనక్కి వెళ్లి ఆమె జవాబు పూర్తిగా చూస్తే, ఆ మూడు పాదాల్లోంచి ఒక్క మాట కూడా లేదు. జవాబులో ఏ భాగం ఖాళీగా ఉందో, చదువులో ఆ భాగమే ఖాళీ. చాలా కేసుల్లో ఇదే జరుగుతుంది. అందుకే జవాబును దిద్దే ముందు, అది పాఠంలో ఏయే చోట్లను వదిలేసిందో పుస్తకంలో గుర్తు పెట్టుకోవడం మంచిది.

మూడోది పుస్తకాన్నే చూడటం. కవిత ఉన్న పేజీలో ఒక్క గీత లేదు. గైడులో సారాంశం ఉన్న పేజీ మాత్రం అండర్‌లైన్లతో నిండిపోయింది. సారాంశం ముందు చదివి, కవితను ఆనక ఒకసారి తిరగేసే అలవాటు. గైడు సారాంశంలో ఉండేది కథ. బుర్రలోకి ముందు వెళ్లిందే పేపర్ మీదకు ముందు వస్తుంది.

తేలినది: చదవడంలో ఒక గుంట, ప్రశ్నను చూడటంలో ఒక లోపం. భాష మూడో స్థానంలో ఉంది. పని కూడా ఆ వరుసలోనే నడిపాం.

ముందు పక్కన పెట్టినవి

లిటరేచర్ డ్రాఫ్టుల్లో ఆర్టికల్స్, ప్రిపొజిషన్స్ దిద్దడం కొంతకాలం ఆపేశాం. దీనికి ఇంట్లో అభ్యంతరం వచ్చింది, అది సహజమే. కానీ ఒకే పేజీలో ఆలోచన గురించి రెండు వ్యాఖ్యలు, ఆర్టికల్స్ మీద పద్నాలుగు ఎర్ర గుర్తులు ఉంటే పిల్ల ఆ పద్నాలుగూ సరిచేసుకుని, పని అయిపోయిందనుకుంటుంది. ఆలోచన దిద్దడం కష్టం, ఆర్టికల్ దిద్దడం సులువు. చేయి సులువైన పనికే పోతుంది.

ఒక్క భాషా నియమం మాత్రం మొదటి రోజు నుంచే పెట్టాం: కవి చేసేది, కవితలో జరిగేది అంతా సింపుల్ ప్రెజెంట్‌లో. షెల్లీ డిస్క్రైబ్స్, ద ట్రావెలర్ రిపోర్ట్స్, ద ఇన్‌స్క్రిప్షన్ బోస్ట్స్. కవి రెండు వందల ఏళ్ల కిందటి వాడైనా పేజీ మీది మాట ఇప్పుడే పని చేస్తోంది కాబట్టి ఇంగ్లిష్‌లో ఈ ఆనవాయితీ ఉంది. కవి జీవితం, అచ్చయిన సంవత్సరం లాంటి చరిత్ర వాక్యాలకు మాత్రం పాస్ట్ టెన్స్. ఈ ఒక్క నియమంతో టెన్స్ తప్పుల్లో పెద్ద భాగం తనంతట తనే పోతుంది, అందుకే దీన్ని మిగతా గ్రామర్‌తో కలిపి వెనక్కి నెట్టలేదు.

చదవడం: పాదం కాదు, వాక్యం

పిల్లలు కవితను పాదాల ప్రకారం చదువుతారు. పాదం చివర ఊపిరి తీసుకుంటారు, అర్థం కూడా అక్కడే ఆగుతుందనుకుంటారు. ఒజిమాండియస్‌లో ఒక్క వాక్యం మూడో పాదం మధ్యలో మొదలై ఎనిమిదో పాదం చివర దాకా సాగుతుంది. పాదాల లెక్కన చదివితే అది ఆరు ముక్కలవుతుంది, ఏ ముక్కకూ అర్థం ఉండదు.

చేయించిన పని ఇది. పెన్సిల్‌తో ఫుల్‌స్టాప్, సెమికోలన్, కోలన్ ఉన్న ప్రతిచోటా నిలువు గీత. తర్వాత ఒక్కో ముక్కలో ప్రధాన క్రియకు చుట్టూ గుండ్రం. ఆ క్రియను పట్టుకుని "ఎవరు?" అనీ, "దేన్ని?" అనీ రెండు ప్రశ్నలు. కవితలో తెలియని మాటలు ముందే ఇచ్చేస్తాం, ఆరుకు మించకుండా: ట్రంక్‌లెస్, విజిజ్ (ముఖం), పెడెస్టల్, కొలొసల్, యీ, మాక్. అంతకన్నా ఎక్కువ ఇస్తే పిల్ల కవితను వదిలి పదాల జాబితా చదవడం మొదలుపెడుతుంది.

గుంట పడిన చోట ఈ పద్ధతి ఎలా నడిచిందో కాస్త దగ్గరగా చూడాలి. ఆరో పాదంలో క్రియ "టెల్". ఎవరు చెబుతున్నారు? ముడిపడిన కనుబొమలు, ముడతపడిన పెదవి, వెటకారపు చూపు: విగ్రహం ముఖం మీద ఉన్నవి. ఏమని చెబుతున్నాయి? శిల్పి ఆ రాజు మనసులోని ఉద్వేగాలను బాగా చదివాడని. ఇంతవరకూ సరే. ఏడో పాదంలో "విచ్ యెట్ సర్వైవ్", అంటే ఆ ఉద్వేగాలు ఇంకా బతికే ఉన్నాయి. పిల్లలు వాక్యం ఇక్కడ ముగిసిందనుకుంటారు. దాంతో ఎనిమిదో పాదంలోని "ద హ్యాండ్ దట్ మాక్డ్ దెమ్, అండ్ ద హార్ట్ దట్ ఫెడ్" ఎటూ అతకక గాలిలో మిగిలిపోతుంది. నిజానికి ఇక్కడ "సర్వైవ్" కర్మ తీసుకునే క్రియ: ఒకదాని తర్వాత కూడా బతికి ఉండటం. దేని తర్వాత? వాటిని చెక్కిన శిల్పి చేతి తర్వాత, వాటిని పెంచి పోషించిన రాజు గుండె తర్వాత. క్రియకూ కర్మకూ మధ్య "స్టాంప్డ్ ఆన్ దీజ్ లైఫ్‌లెస్ థింగ్స్" అన్న ముక్క దూరింది, అందుకే దారి తప్పుతారు. ఆ ముక్క మీద వేలు అడ్డం పెట్టి చదవమంటే వాక్యం ఒక్కసారిగా నిటారుగా నిలబడుతుంది.

ఇది తెలిశాకే కవితలో అధికారం మాట అసలు అర్థమవుతుంది. రాజు పోయాడు, రాజ్యం పోయింది. మిగిలింది అతని దర్పం, అదీ అతని సైన్యం వల్ల కాదు, కూలికి చెక్కిన ఒక శిల్పి నేర్పు వల్ల. పైగా "మాక్డ్" అన్నదానికి అచ్చు తీసినట్టు అనుకరించాడనీ, ఎగతాళి చేశాడనీ రెండు అర్థాలూ కుదురుతాయి. గైడు సారాంశంలో "ద స్కల్ప్టర్ వజ్ స్కిల్‌ఫుల్" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టింది ఇదంతా.

ఆ తర్వాత గొంతుల లెక్క. కవితలో "ఐ" ఒకరు, అతనికి చెప్పిన బాటసారి ఒకరు, ఆ బాటసారి చదివిన శాసనంలో రాజు ఒకరు. రాజు మాట మన దాకా మూడు చేతులు మారి వచ్చింది. ఈ సంగతి పిల్లలకు చెప్పకూడదు, ప్రతి పాదం పక్కన "ఎవరి గొంతు?" అని రాయిస్తే వాళ్లకే తెలుస్తుంది. తనే కనుక్కున్న సంగతిని పిల్ల పరీక్షలో మరచిపోదు.

మాట మార్చి చూడటం

టెక్నిక్ పేరు రాయడం విశ్లేషణ అనుకునే పిల్లలకు టెక్నిక్‌ల జాబితా ఇంకా పెంచితే జబ్బు ముదురుతుంది. సిమిలీ (ఉపమ), మెటఫర్ (రూపకం), అలిటరేషన్ పేర్లు ఈ అమ్మాయికి బాగానే తెలుసు. చేయించింది వేరే పని: పాదంలో ఒక్క మాట తీసేసి, దగ్గరి అర్థం ఉన్న మామూలు మాట పెట్టి, ఏం పోయిందో అడగడం.

"స్నీర్ ఆఫ్ కోల్డ్ కమాండ్"లో స్నీర్ బదులు లుక్ పెడితే? "అప్పుడు అతను ఊరికే చూస్తున్నాడు, ఎదుటివాళ్లంటే లెక్క లేనట్టు ఉండదు" అంది. కోల్డ్ తీసేస్తే? కాస్త ఆలోచించి, "కోపంతో ఆజ్ఞ ఇచ్చేవాడు కూడా అవ్వొచ్చు, కోల్డ్ అంటే అతనికి కోపం కూడా అక్కర్లేదు" అంది. ఇది విశ్లేషణ. దీనికి టెక్నిక్ పేరు లేదు, అవసరం కూడా లేదు. ఈ మాటలు తెలుగులో వచ్చాయి, ముందు తెలుగులోనే రానివ్వాలి. మార్జిన్‌లో తెలుగులోనే రాసుకోమన్నాం. ఆలోచన, పరాయి భాష వాక్యం రెండూ ఒకేసారి మోయమంటే పిల్లలు ఆలోచననే కింద పడేస్తారు.

"డిస్పెయిర్" దగ్గర కాసేపు ఆగాలి. రాజు ఉద్దేశంలో: ఓ బలవంతులారా, నా కట్టడాలు చూసి, నాతో సమానం కాలేమని నిరాశ పడండి. ఇప్పుడు ఆ శాసనం చదివేవాడికి: ఇంత గొప్పవాడిదే ఇసుకపాలైతే మన గతేమిటి అని నిరాశ. మాట ఒకటే, రాజు పలికినప్పుడు ఒక వైపు, ఎడారిలో చదివినప్పుడు ఇంకో వైపు. ఐరనీ అన్న పేరు దీని తర్వాత చెప్పాలి. ముందే చెబితే పేరు మిగులుతుంది, సంగతి పోతుంది.

పేరా రాయించడం

ఒక్కో సెషన్ 45 నిమిషాలు: చదవడానికి 15, రాయడానికి 20, రాసింది గట్టిగా చదువుకోవడానికి 10. ఒక సెషన్‌కు ఒక్కటే పేరా, 120 నుంచి 150 పదాలు. పూర్తి వ్యాసం జోలికి మొదట్లో పోలేదు.

బడిలో పీల్ అని ఒక చట్రం ఇచ్చారు: పాయింట్, ఎవిడెన్స్, ఎక్స్‌ప్లనేషన్, లింక్. చట్రం మంచిదే. తప్పు జరిగేది మూడో గడిలో. అక్కడ పిల్లలు "దిస్ షోస్ దట్" అని మొదలుపెట్టి, కోట్ చేసిన మాటనే ఇంకోలా చెప్పి వదిలేస్తారు. "లుక్ ఆన్ మై వర్క్స్" కోట్ చేసి, "దిస్ షోస్ దట్ హీ వాంట్స్ పీపుల్ టు లుక్ ఎట్ హిజ్ వర్క్స్" అన్నట్టు. మూడో గడికి మేం పెట్టిన షరతు: అందులో కోట్‌లోని ఏదో ఒక్క మాట మళ్లీ కొటేషన్ గుర్తుల్లో రావాలి, ఆ మాట గురించే వాక్యం ఉండాలి. కోట్ కూడా పాదం పాదంగా కాకుండా ఒకటి నుంచి నాలుగు మాటలు, సొంత వాక్యంలో ఇమిడేలా.

ప్రతి పేరా మొదటి వాక్యానికి కర్త షెల్లీ కావాలన్నది ఇంకో షరతు. కర్త మారగానే "హౌ"కు జవాబు దానంతట అదే మొదలవుతుంది. కర్త కింగ్ అయితే తర్వాత కథ తప్ప ఏమీ రాదు.

"షోస్" వాడకుండా రాయమన్నప్పుడు కొత్త చిక్కు వచ్చింది. క్రియల జాబితా ఇచ్చాం: సజెస్ట్స్, ఇంప్లైస్, ఎంఫసైజెస్, అండర్‌కట్స్, కనోట్స్. వెంటనే "షెల్లీ కనోట్స్ దట్", "షెల్లీ ఎంఫసైజెస్ ఆన్ ద డికే", "డిస్కసెస్ అబౌట్ పవర్" వచ్చాయి. కనోట్ చేసేది మాట, మనిషి కాదు. ఎంఫసైజ్, డిస్కస్ తర్వాత ప్రిపొజిషన్ రాదు. తెలుగులో "మీద", "గురించి" అంటాం కనుక చేయి అటు పోతుంది. క్రియలను విడి మాటలుగా ఇవ్వడం వల్ల వచ్చిన తప్పులివి. తర్వాత ప్రతి క్రియనూ వెనకా ముందూ ఏం వస్తాయో చూపే పొట్టి వాక్యంతో ఇచ్చాం: "ద వర్డ్ కోల్డ్ సజెస్ట్స్ దట్...", "ద నెక్స్ట్ లైన్ అండర్‌కట్స్ ద బోస్ట్". అయిదారు చాలు. ఇరవై ఇస్తే పిల్ల అర్థం కోసం కాక అలంకారం కోసం క్రియను ఎంచుకుంటుంది.

ఇలా నడిచాక అదే కవిత మీద ఆమె రాసిన పేరాలో ఒక భాగం:

"షెల్లీ పుట్స్ ద షార్ట్ సెంటెన్స్ 'నథింగ్ బిసైడ్ రిమెయిన్స్' రైట్ ఆఫ్టర్ ద కింగ్స్ బోస్ట్. ఇట్ హ్యాజ్ ఓన్లీ త్రీ వర్డ్స్ అండ్ ఇట్ స్టాప్స్ ఇన్ ద మిడిల్ ఆఫ్ ద లైన్, సో ద రీడర్ హ్యాజ్ టు స్టాప్ టూ. 'నథింగ్' ఈజ్ ద ఆన్సర్ టు హిజ్ 'వర్క్స్'. దెన్ ద లాస్ట్ సెంటెన్స్ రన్స్ ఆన్ అంటిల్ ద ఎండ్ అండ్ ద శాండ్స్ 'స్ట్రెచ్ ఫార్ అవే'."

భాష ఇంకా సాదాగానే ఉంది. పెద్ద పదాలు లేవు. కానీ ఎగ్జామినర్ వెతికేదంతా ఇందులో ఉంది: కవి ఏం చేశాడు, ఎక్కడ చేశాడు, చదివేవాడి మీద అదెలా పనిచేసింది. "నథింగ్"ను "వర్క్స్"కు జవాబుగా చూడటం ఆమె సొంత ఆలోచన, ఏ గైడులోదీ కాదు. ఇంట్లోవాళ్లకు ఈ రెండు పేరాలూ పక్కపక్కన పెట్టి చూపించాకే, గ్రామర్ ఎందుకు ఆపామో వాళ్లకు అర్థమైంది.

దారిలో ఎదురైన ఇబ్బందులు

ఒకటి, అతి విశ్లేషణ. మాటల్ని చూడటం అలవాటయ్యాక ప్రతి శబ్దానికీ అర్థం అంటగట్టడం మొదలైంది: "లోన్ అండ్ లెవెల్"లోని ఎల్ శబ్దం రాజు ఏడుపులా ఉందని. దీన్ని తిట్టి ఆపకూడదు; తనే పట్టుకునే పరీక్ష ఇవ్వాలి. రాసిన ప్రతి వాదనకూ రెండు ప్రశ్నలు: ఇదే వాక్యం ఇంకో కవిత కింద పెడితే అతుకుతుందా? దీన్ని ఒప్పుకోని వాడికి పేజీలో వేలు పెట్టి ఏం చూపిస్తావు? మొదటిదానికి అవునన్నా, రెండోదానికి చూపించడానికేమీ లేకపోయినా కొట్టేయాలి. అలిటరేషన్ వాక్యాలు చాలా వరకు ఇక్కడే రాలిపోతాయి.

రెండోది, సాయం చేసేవాళ్ల చేయి. మార్జిన్‌లో "ఇలా రాయొచ్చు" అని ఒక మంచి వాక్యం రాసిస్తే, అది తర్వాతి డ్రాఫ్టులో అక్షరం పొల్లుపోకుండా ప్రత్యక్షమవుతుంది, దాని చుట్టూ ఉన్నది మాత్రం మారదు. అందుకే డ్రాఫ్టు మీద వాక్యాలు రాయడం మానేసి ప్రశ్నలు మాత్రమే రాయాలి, ఒక్కో డ్రాఫ్టుకు రెండుకు మించకుండా. "ఎందుకు కోల్డ్? యాంగ్రీ ఎందుకు కాదు?" లాంటివి. ఇంట్లో చదువుకున్న పెద్దవాళ్లు ప్రేమతో పేరాలు తిరగరాసిచ్చినా ఇదే ఫలితం. వాళ్లకు చెప్పవలసిన పని ఒక్కటే: పిల్ల గట్టిగా చదువుతుంటే వినడం, అర్థం కాని చోట "ఇక్కడ నాకు అర్థం కాలేదు" అనడం.

చాట్‌బాట్ సంగతి కూడా చెప్పాలి, ఇప్పుడు చాలా ఇళ్లల్లో ఉంది కాబట్టి. అది రాసిచ్చే పేరా నునుపుగా ఉంటుంది. అయితే పాఠంలో లేని పాదాన్ని ఉన్నట్టుగా కోట్ చేసే ప్రమాదం ఉంది. పైగా చదవడంలో ఉన్న గుంటను పూడ్చదు, పైన దుప్పటి కప్పుతుంది. పాత మాటకు అర్థం అడగడం, తన పేరా మీద ప్రశ్నలు వేయమనడం, అక్కడి వరకు మేలే. వచ్చిన ప్రతి కోట్‌నూ పుస్తకంలో పాదంతో పోల్చి చూసుకోవాలి. పేరా రాయమని అడగడం మాత్రం పూర్తిగా ఆపించాం.

మూడోది టైమ్. గడియారం పెట్టి రాయించడం తొందరగా మొదలుపెట్టగానే ఆమె మళ్లీ కథలోకి జారిపోయింది. ఒత్తిడిలో చేయి పాత అలవాటునే వెతుక్కుంటుంది. వెనక్కి తీసుకెళ్లి, ముందు 5 నిమిషాల ప్లాన్ మాత్రమే టైమ్ పెట్టి చేయించాం: మూడు కోట్‌లు, ఒక్కోదాంట్లో ఒక్క మాటకు గుండ్రం, ఒక్కో దాని పక్కన మూడు నాలుగు మాటల గమనిక. ప్లాన్ గట్టిపడ్డాకే 40 నిమిషాల పూర్తి జవాబు. ప్లాన్‌లో కోట్‌లు కథ జరిగిన వరుసలోనే ఉంటే అది ప్రమాద సూచన. వాదన వరుసలోకి మార్చాకే రాయనివ్వాలి.

నాటకంలో అదే పని

ఒక్క కవిత మీద నేర్చింది ఇంకో చోట పనికొస్తేనే నేర్చినట్టు. అందుకని షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్‌లో మొదటి అంకం, ఏడో రంగం తీసుకున్నాం. నాటకంలో పిల్లలు పాత్రను పక్కింటి మనిషిలా చూస్తారు: "మాక్‌బెత్ మంచివాడే, భార్య చెడగొట్టింది." ఇక్కడ అడగవలసింది "ఈ మాట ఎవరు వింటున్నారు?" అని. ఆ రంగంలో మాక్‌బెత్ ఒంటరిగా ఉన్నప్పుడు రాజు డంకన్‌ను చంపకూడదని కారణాలు చెప్పుకుంటాడు: బంధువు, రాజు, తన ఇంటి అతిథి, పైగా ఉత్తముడు. అతని భార్య లేడీ మాక్‌బెత్ రాగానే ఇక ముందుకెళ్లొద్దని అంటాడు, కానీ చెప్పే కారణం వేరు: రాజు ఈమధ్యే తనను గౌరవించాడు, జనంలో మంచి పేరు వచ్చింది, దాన్ని ఇప్పుడే ఎందుకు పారేసుకోవాలి అని. ధర్మం మాట భార్య ముందు ఎత్తడు. ఆ రెండు ప్రసంగాలనూ రెండు నిలువు వరుసల్లో రాయించగానే ఆమె పట్టుకుంది: "లోపల ఉన్నది బయటకు చెప్పలేదు." ఆ పేరా మొదటి డ్రాఫ్టులోనే కథ లేదు.

గ్రామర్ దగ్గరకు తిరిగి రావడం

ఆలోచన నిలబడ్డాక భాష దిద్దడం తేలికైంది, ఎందుకంటే ఇప్పుడు దిద్దడానికి విలువైన వాక్యాలున్నాయి. ఆమె సొంత పేపర్లలోంచే తప్పుల పట్టిక వేయించాం. పుస్తకంలోని గ్రామర్ అధ్యాయాలు మొదటి నుంచి చెప్పలేదు. మూడు రకాలే ఎక్కువగా తేలాయి: నైరూప్య నామాల ముందు అనవసరపు "ద", అక్కర్లేని ప్రిపొజిషన్, ఒకే పేరాలో టెన్స్ మారడం. "పవర్ ఈజ్ టెంపరరీ" అన్నప్పుడు ఆర్టికల్ రాదు, ఎందుకంటే అధికారం అనే దాని గురించి మొత్తంగా చెబుతున్నాం. "ద పవర్ ఆఫ్ ద కింగ్" అన్నప్పుడు వస్తుంది, ఎందుకంటే ఎవరి అధికారమో తేలిపోయింది. ఈ తేడాను ఆమె రాసిన వాక్యాల మీదే చూపితే నిలిచింది. గ్రామర్ సెక్షన్‌లో ఖాళీలు పూరించేటప్పుడు ఈ తప్పు ఆమె ఎప్పుడూ చేయలేదు.

దిద్దుకోవడం ఒక్కసారి చదివి అన్నీ పట్టుకోవడం కాదు. ఒక చదువుకు ఒకే రకం తప్పు. క్రియల కోసం చదివేటప్పుడు చివరి వాక్యం నుంచి మొదటికి రావాలి. అలా వస్తే అర్థం వెంట పరుగెత్తకుండా కన్ను ప్రతి క్రియ దగ్గరా ఆగుతుంది. పరీక్షలో చివరి 3 నిమిషాలు దీనికే ఉంచాలి.

ఇప్పటి స్థితి

పెద్ద జవాబుల్లో కథ చెప్పడం దాదాపు పోయింది. చూడని కవిత ఇచ్చినా ముందు వాక్యాలు గీతలు పెట్టి విడదీసుకుంటోంది. గైడు చదవడం మానలేదు, అది అక్కర్లేదు కూడా. కవిత మీద తన గుర్తులు పెట్టుకున్న తర్వాతే తెరుస్తోంది, గైడు చెప్పినదాన్ని ఒకటి రెండు చోట్ల కాదనగలుగుతోంది.

రెండు కవితల్ని పోల్చే ప్రశ్న ఇంకా బలహీనంగానే ఉంది. సగం పేజీ ఒక కవిత, సగం పేజీ ఇంకో కవిత, మధ్యలో "ఆన్ ద అదర్ హ్యాండ్" అని ఒక్క వంతెన. దీనికి ఇప్పుడు చేయిస్తున్నది వాక్యం స్థాయిలోనే: ఒకే వాక్యంలో రెండు కవితలూ, రెండింటి నుంచీ ఒక్కో మాట, మధ్యలో "వేరాజ్" లేదా "బోత్... బట్". అలాంటివి రోజుకు మూడు వాక్యాలు, పేరా అక్కర్లేదు. రెండు కవితలూ దేనిలో కలుస్తాయో ముందు తేలితే తప్ప తేడా రాయనివ్వడం లేదు, ఎందుకంటే ఉమ్మడి అంశం లేని తేడాలు రాస్తే జవాబు మళ్లీ రెండు సారాంశాలుగా విడిపోతోంది.